లక్ష్మీప్రసన్న చూసిన నురగ

లక్ష్మీప్రసన్న గురించి మా దగ్గర ఎవరిని అడిగినా మంచే చెబుతారు. యాదన్న బిడ్డ, బాగా చదువుకుంది, జర్మనీలో సముద్రాన్ని శుభ్రం చేస్తోంది అంటారు. సముద్రాన్ని ఒక మనిషి శుభ్రం చేయడమేమిటని ఒక్కరూ అడగరు. నేను అడుగుతాను. పదో తరగతి దాకా ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చున్నదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

నా పేరు ఫరహత్. కిష్టారెడ్డిపేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఇల్లు సుల్తాన్‌పూర్ పోయే దారిలో, వెంచర్ల మధ్య ఇంకా అమ్ముడుపోకుండా మిగిలిన పొలాల దగ్గర. మా మామ అజీజ్ అక్కడ కొత్తిమీర, పుదీన, పాలకూర పండించి పటాన్‌చెరు మార్కెట్‌కు వేస్తాడు. మా ఆయన ముస్తఫా సిరంజీలు తయారుచేసే కంపెనీలో పని చేస్తాడు. మాకు ఇల్మా అని ఒక పాప, ఈ ఏడే బడిలో వేశాం. మా పొలాన్ని ఆనుకుని యాదన్న పొలం. మామ, యాదన్న చిన్నప్పటి నుంచి ఒకే బీడీ కట్ట పంచుకున్నవాళ్లు. పొలాల మధ్య గట్టు ఎక్కడుందని అడిగితే ఇద్దరూ చెరోచోట చూపిస్తారు, ఇన్నేళ్లలో దాని గురించి గొడవ పడింది లేదు.

లక్ష్మీప్రసన్న సంగారెడ్డిలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసింది. ఇక్కడే ఒక మందుల కంపెనీ ల్యాబులో తెల్లకోటు వేసుకుని కొన్నాళ్లు పని చేసింది. తర్వాత మానేసింది. మనస్సాక్షి ఒప్పుకోలేదని అందరికీ చెప్పింది. నాకు తెలిసి ఒప్పుకోనిది నైట్ షిఫ్టు. ఇంటర్నెట్టులో వెతికి వెతికి, జర్మనీలో ఏడాది పాటు పర్యావరణ వాలంటీరుగా ఉండే అవకాశం పట్టింది. ఉండటానికి గది ఇస్తారు, చేతి ఖర్చులకు ఇస్తారు, జీతం ఉండదు. జీతం లేని పనికి విమానం ఎక్కి వెళ్లడం మా దగ్గర అదే మొదలు. వీసా, టికెట్టు, చలికోటు అన్నీ యాదన్న పెట్టుకున్నాడు. పొలం కిరాయికి ఇచ్చాడు కదా, దాని మీద నడుస్తోంది అని యాదన్న భార్య పుష్పమ్మ మా అత్త హమీదాతో చెప్పింది.

అక్కడ ఆమె చేసే పని చెబుతాను వినండి. ఉత్తర సముద్రం ఒడ్డున ఒక స్టేషన్. పొద్దున దుర్బిణీ పెట్టుకుని పక్షులు లెక్కపెడుతుంది. నీళ్లు వెనక్కి పోయినప్పుడు బడిపిల్లలను చెప్పులు లేకుండా బురదలో నడిపిస్తుంది. సాయంత్రం ఒడ్డున చెత్త ఏరుతుంది. మా పిల్లలు బురదలో దిగితే మేం వీపు మీద ఒకటి వేస్తాం. అక్కడ దింపడానికి మనిషిని పెట్టుకున్నారు.

ఈ ఏప్రిల్‌లో సెలవు మీద ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే ఊరిని బాగుచేయడం మొదలుపెట్టింది. పుష్పమ్మ కత్తిరించి పారేసిన పాల ప్యాకెట్లను చెత్తలోంచి తీయించి, కడిగించి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేయించింది. కిరాణా కొట్టు దగ్గర నిలబడి, సంచీ తెచ్చుకోని వాళ్లకు క్లాసు పీకింది. మురికి కాలువ పక్కన నిలబడి, ముఖం బాధగా పెట్టి, 'నా ఊరు' అని రాసి స్టేటస్ పెట్టుకుంది. ఆ కాలువ పక్క నుంచే నేను రోజూ బడికి పోతాను. ముఖం బాధగా పెట్టుకునే తీరిక నాకుండదు, బెల్లు కొట్టేస్తారు.

ఇక మా బోరు సంగతి. నిరుడు వానాకాలం నుంచి అది మాకు పరేషాన్‌గా ఉంది. కొత్తిమీర ఆకు అంచులు మాడిపోతున్నాయి. మోటర్ వేయగానే బకెట్టులో నీళ్లు నురగ కడుతున్నాయి, సబ్బు వేయకుండానే. ఇల్మాకు మోకాళ్ల వెనక దద్దుర్లు లేచి, గోకి గోకి పుండ్లయ్యాయి. వాసన రాలేదా అంటారేమో. మా పటాన్‌చెరు దిక్కు వాసన దేనికీ సాక్ష్యం కాదు. గాలి ఒకవైపు తిరిగితే మందుల వాసన, ఇంకోవైపు తిరిగితే రబ్బరు కాలిన వాసన. మేం పుట్టిందే ఆ గాలిలో.

నేను మాత్రం పాపకు ఆ నీళ్లు తాగించడం మానేసి క్యాన్లు కొనడం మొదలుపెట్టాను. మామకు అది నచ్చలేదు. ఆయన తండ్రి దున్నిన నేల, ఆయన వేయించిన బోరు. కొనుక్కొచ్చిన నీళ్లు ఇంట్లో కనబడితే ఆయనకు అవమానం. మాలో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం కాబట్టి ఆ మాటలను తెలుగులో రాస్తే వాటి కారం తగ్గుతుంది. మొత్తానికి కొన్నాళ్లు మా ఇంట్లో ఎవరి ముఖాలు వాళ్లవి. చివరికి మామే రాజీకొచ్చాడు. "నా మాటా వద్దు, నీ మాటా వద్దు. యాదన్న బిడ్డ వస్తోంది కదా, చదివిందే నీళ్ల చదువు. ఆమె ఏమంటే అది," అన్నాడు. నేనూ సరేనన్నాను. నా బిడ్డ ఏ నీళ్లు తాగాలో తేల్చే పని అలా లక్ష్మీప్రసన్న చేతిలో పెట్టాం.

ఆమె సంబరంగా వచ్చింది. చేతిలో చిన్న డబ్బా, అందులో నీళ్లలో ముంచితే రంగు మారే కాగితపు పట్టీలు. పెన్ను లాంటి మీటరు ఒకటి. మా అత్త గ్లాసుతో నీళ్లిస్తే తీసుకోలేదు, తన స్టీలు బాటిల్ పైకెత్తి చూపించింది. ఫోను నా చేతికిచ్చి, "ఫొటో తియ్యవే ఫరహత్, మా స్టేషన్‌ల చూపిస్త," అంది. నా ఫోన్లో అయితే బాగా వస్తుందని నా దాంతోనే తీసి తర్వాత పంపాను. ఫొటోలో ఆమె బోరు పైపు దగ్గర గొంతుకూర్చుంది. పక్కన మాడిన కొత్తిమీర కట్ట పట్టుకుని మామ చెయ్యి. వెనకాల యాదన్న పొలం చుట్టూ కొట్టిన నీలం రేకులు.

పట్టీ ముంచింది. రంగు చూసింది. ఇంకొకటి ముంచింది. దోసిట్లోకి నీళ్లు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత తల ఎత్తి మా వైపు కాదు, ఆ నీలం రేకుల వైపు చూసింది. చాలాసేపే చూసింది.

ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు దాచడానికి ఏముంది, చెప్పేస్తాను. ఆ రేకుల వెనక యాదన్న వ్యవసాయ బావి ఉంది, ఎండిపోయి చాలా కాలమైంది. పొలాన్ని సత్తిబాబు అనే మనిషి ట్యాంకర్ల పార్కింగ్ కోసం కిరాయికి తీసుకున్నాడని మాకు చెప్పారు. వాన పడుతున్నప్పుడే ట్యాంకర్లు లోపలికి పోయేవి. కంపెనీల వ్యర్థాలు ఆ ట్యాంకర్లలో వచ్చి ఆ బావిలోకి దిగేవి. వానలో అయితే అంతా కలిసి భూమిలోకి పోతుంది, ఎవరికీ తెలియదు. ల్యాబులో పని చేసిన మనిషి ఆ వాసనను గుర్తు పట్టకుండా ఎలా ఉంటుంది. లక్ష్మీప్రసన్నకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది.

మామ అడిగాడు. "ఏంది బేటీ, ఏమొచ్చింది?"

"ఎండలకు చిచ్చా," అంది ఆమె. "నీళ్లు అడుక్కు పోయినయ్ గదా, భూమిల ఉన్న ఉప్పు తేలింది. వానలు పడితే అదే సర్దుకుంటది."

"తాగొచ్చా?"

"కాచి తాగుండ్రి."

కాచి తాగమంది. కాస్తే పోయేది పురుగు, రసాయనం కాదు. ఆ సంగతి చెప్పడానికే ఎమ్మెస్సీ ఇస్తారు. మామ నా వైపు గెలిచినవాడిలా చూశాడు. నేను ఏమంటాను? చదువుకున్న మనిషి, చిన్నప్పటి స్నేహితురాలు, అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుందనుకున్నాను. ఆ రోజు నుంచి క్యాన్లు మానేశాం. కాచి, చల్లార్చి, వడకట్టి, నా చేత్తోనే ఇల్మా బాటిల్లో పోసి బడికి పంపాను.

సెలవు ఇంకా మిగిలి ఉండగానే ఆమె టికెట్ మార్చుకుంది. పక్షులు గుడ్లు పెట్టే కాలమట, తాను అక్కడ ఉండాలట. ఆమె లేకపోతే పక్షులు ఆగిపోతాయి కాబోలు. వెళ్లే ముందు మామ పుదీన ఎండబెట్టి, పొడి చేసి, కవర్లో కట్టి ఇచ్చాడు. చలిదేశం కదా, చాయ్‌లో వేసుకుంటే గొంతుకు మంచిదని. ఆమె రెండు చేతులతో తీసుకుంది, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆమె వెళ్లిన మర్నాడు నేను పుష్పమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుదీన పొడి వాళ్ల చెత్తబుట్టలో కనిపించింది. కవరు మాత్రం శుభ్రంగా కడిగి, పాల ప్యాకెట్ల పక్కన క్లిప్పు పెట్టి ఆరేసి ఉంది.

ఒళ్లు మండింది. పెద్దవాడు ఇచ్చింది పారేసేంత గొప్పదైపోయిందా అనుకున్నాను. గొప్పతనం కాదని, ఆ పుదీన ఏ నీళ్లకు పెరిగిందో ఆమెకు తెలుసని, అప్పుడు నాకు తట్టలేదు.

తిరిగి వెళ్లాక ఆమెకు పని మీద ప్రేమ ఇంకా ఎక్కువైంది. సెలవు రోజుల్లో కూడా ఒడ్డుకు పోయేది. మిగతా వాలంటీర్లు పార్టీలకు పోతే ఈమె వలల ముక్కలు, సీసా మూతలు ఏరుతుండేది. రోజుకో స్టేటస్. బురద, పొద్దుపొడుపు, ఎర్ర కాళ్ల పిట్ట. ఆమె చేతుల్లో బొబ్బలు కూడా ఒకసారి ఫొటో తీసి పెట్టింది. ఇక్కడ నోరు మూసుకున్నదానికి అక్కడ నడుం వంచితే సరిపోతుందని అనుకుందేమో. వంచింది నిజమే, నేను కాదనను. కానీ ఆ ఒడ్డున సీసా మూతలు ఏరితే నా బిడ్డ మోకాళ్ల వెనక పుండ్లు మానవు కదా.

మే నెలలో, బడి సెలవుల్లో ఒకరోజు అన్నం తింటూ ఫోను చూస్తే ఆమె స్టేటస్ కనబడింది. సముద్రపు ఒడ్డు పొడుగునా తెల్లగా, పసుపుగా, మోకాలెత్తు నురగ. కింద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రసాయన కాలుష్యమని, ఎవరూ దగ్గరికి రావద్దని రాసింది. కాసేపటికి మళ్లీ చూస్తే స్టేటస్ లేదు. మర్నాడు ఆమే ఫోను చేసింది. ఇక్కడ మాకు సాయంత్రం, అక్కడ వాళ్లకు మధ్యాహ్నం భోజనాల వేళ.

"నిన్న నా పరువు పోయిందే ఫరహత్," అని నవ్వుతూ మొదలుపెట్టింది. పొద్దున ఒడ్డుకు పోతే నురగ కనిపించిందట. ఏదో ఓడ విషం వదిలిందనుకుందట. వెంటనే అత్యవసర నంబరుకు ఫోను చేసిందట. బురదలోకి దిగబోతున్న బడిపిల్లలను వెనక్కి తోసి, తాడు కట్టి, ఎవరినీ రానివ్వకుండా చేతులు చాపి నిలబడిందట. బండ్లేసుకుని, పెద్ద బూట్లు తొడుక్కుని మనుషులు వచ్చారట. చివరికి స్టేషన్ పెద్దావిడ వచ్చి, నురగను అరచేతిలోకి తీసుకుని వాసన చూసి, ఇది సముద్రంలో పెరిగే నాచు, ప్రతి వసంతంలో చచ్చి ఇలా నురగ కడుతుంది, పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను అందట.

"నురగ అంటే నాకు ఇంకేం యాదికొస్తది చెప్పు," అంది లక్ష్మీప్రసన్న. "మన దిక్కు పుట్టినోళ్లం గదా."

నాకూ నవ్వొచ్చింది. మా దగ్గర పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. నురగ కనిపిస్తే వెనక ఏ ట్యాంకరు ఉందోనని మేం చూస్తాం, నాచు ఉందేమో అని ఎవరు చూస్తారు? నవ్వుతూనే అన్నాను. "మంచిగైంది పో. మా బోరు నురగ గూడ గట్లనే భూమిల ఉండేదే గదా, నువ్వే చెప్తివి. నేనే ఉత్తగ భయపడి క్యాన్లు కొన్న."

నెట్టు పోయిందనుకుని రెండుసార్లు హలో అన్నాను.

"ఇల్మా ఏ నీళ్లు తాగుతున్నది?" అని అడిగింది.

"బోరు నీళ్లే. కాచి పోస్తున్న."

ఫోను కట్ అయింది. కొంతసేపటికి మళ్లీ చేసి, మామకు ఇమ్మంది. స్పీకరులో పెట్టాను. "చిచ్చా, గా నీళ్లు తాగకుండ్రి. ఎవ్వలూ తాగకుండ్రి. ఈడ పెద్ద మిషన్ల చూపిచ్చిన, మంచిగ లేవని వచ్చింది," అంది.

నాకు ఒక సంగతి తట్టింది. మిషన్‌లో చూపించడానికి నీళ్లేవి? ఆమె మా బోరు దగ్గర సీసా ఏదీ నింపుకోలేదు. పట్టీలు ముంచింది, పట్టీలు పారేసింది. అడుగుదామనుకునేలోపే పెట్టేసింది. ఆ రోజు నుంచి మళ్లీ క్యాన్లు మొదలుపెట్టాం. మామ మనవరాలి బాటిల్ తీసి మూడుసార్లు కడిగాడు.

అంతటితో ఆగితే అది మా మామ ఎందుకవుతాడు. చొక్కా వేసుకుని, "యాదన్నకు చెప్పాలి. పక్కపక్క పొలాలు, వాళ్ల నీళ్లూ అవే," అని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. యాదన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మామ పక్కన కూర్చుని బీడీ అందుకున్నాడు.

"యాదన్నా, నీ బిడ్డ ఫోన్ చేసింది. మన నీళ్లు మంచిగ లేవంట. నువ్వు గూడ బోరు నీళ్లు తాగకు. పుష్పమ్మకు గూడ చెప్పు."

యాదన్న బీడీ వైపు చూస్తూ, "గట్లనా," అన్నాడు.

"నీకు క్యాన్లు తెచ్చిపెట్టేటోళ్లు ఎవలున్నరు? మేం తెచ్చుకునేటప్పుడు నీకూ ఒకటి ఏసుకొస్తం. నేనే తెచ్చిస్త. మొహమాటపడకు."

"సరే అజీజ్ భాయ్," అన్నాడు యాదన్న.

నేను పుష్పమ్మతో పాటు లోపలికి వెళ్లాను. వంటింటి తలుపు వెనక ఖాళీ క్యాన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైవాటి మీద దుమ్ము లేదు, అడుగువాటి మీద మందంగా ఉంది. ఆ ఇల్లు బోరు నీళ్లు మానేసి ఎంత కాలమైందో ఆ దుమ్ము చెబుతోంది. పుష్పమ్మ నా చూపు ఎటు పోయిందో చూసి, కొంగుతో మూతి తుడుచుకుని, పని లేని చోట పని వెతుక్కుంది. నాకు ఏదో అనుమానం మొదలైంది గానీ దానికి పేరు పెట్టడానికి ధైర్యం చాలలేదు. మామకు యాదన్నతో ఉన్న స్నేహం అంత పాతది.

పేరు పెట్టింది లక్ష్మీప్రసన్నే. ఆ వారంలోనే అక్కడ బడిపిల్లలకు ఆమె చేత ఉపన్యాసం ఇప్పించారు. నురగ చూసి తప్పుగా ఫోను చేసినందుకు తిట్టలేదు సరికదా, ఇంత జాగ్రత్త గల మనిషి అని మెచ్చుకున్నారట. మీ ఊరి నీళ్ల గురించి పిల్లలకు చెప్పు అన్నారట. చెప్పింది. బోరు దగ్గర నేను తీసిన ఫొటో చూపించింది. గోడ మీద పెద్ద తెర, తెర మీద మా బోరు, మా మామ చెయ్యి, మాడిన కొత్తిమీర. ముందు ఆమె, మైకు పట్టుకుని, మళ్లీ అదే బాధ ముఖం. ఆ ఉపన్యాసం ఫొటోను ఇంటర్నెట్టులో పెట్టి, కంపెనీలు మా నేలను ఎలా చంపుతున్నాయో చెప్పానని కింద రాసుకుంది. లైకులు కుప్పలుగా పడ్డాయి.

మామకు చూపిస్తే సంతోషపడ్డాడు. "నా చెయ్యి జర్మనీ పోయింది," అన్నాడు. నేను మాత్రం ఆ తెరనే చూస్తున్నాను. అందులో ఏదో తక్కువైంది. నా ఫోన్లో అసలు ఫొటో తీసి పక్కన పెట్టుకున్నాను. అసలు దాంట్లో సగం మేర నీలం రేకులున్నాయి. తెర మీద ఒక్క రేకు కూడా లేదు. సరిగ్గా మామ మోచేతి దగ్గర కత్తిరించింది.

వెంటనే ఫోను చేశాను. ఎత్తే దాకా చేశాను.

"రేకులెందుకు కోసినవ్?" అన్నాను.

ఆమె ఏడ్చింది. ఏడుపుతోనే అంతా కక్కింది. బావిలో పోస్తున్నారని మా బోరు దగ్గర కూర్చున్న రోజే తెలిసిందట. ఆ రాత్రి తండ్రిని అడిగితే, నీ టికెట్టు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నవ్ అన్నాడట. ఆ మాటతో నోరు పడిపోయిందట. పెద్ద మిషన్ లేదు, ఏమీ లేదు.

"నురగ సూడంగనే ఫోన్ చేసినవ్ గదా ఆడ," అన్నాను. "పిల్లలకు చేతులు అడ్డం పెట్టినవ్. ఈడ ఇల్మా గ్లాసుకు ఎందుకు అడ్డం పెట్టలే?"

"తప్పైందే. నాయన పరువు పోతదని..."

"ఈడ గూడ నంబర్ ఉంటది. నువ్వు చేస్తవా, నేను చెయ్యాల్నా?"

"జెర ఆగు ఫరహత్. నేనొచ్చినంక నాయనతోని నేనే మాట్లాడి బంద్ చేయిస్త."

"ఎప్పుడొస్తవ్?"

మెల్లగా, "ఇంకొన్ని నెలలు పొడిగించిండ్రు," అంది. వాళ్లకు తన పని నచ్చిందట అని కూడా చెప్పింది. ఆ 'అట'లో కొంచెం సంతోషం వినబడింది. అసహ్యం వేసింది నాకు. ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి మీద అంత అసహ్యం వేయడం బాధగా ఉంటుంది, కానీ వేసింది. ఫోను పెట్టేశాను.

మర్నాడు పొద్దున మామ నీళ్ల క్యాను భుజాన వేసుకుని యాదన్న ఇంటికి బయల్దేరాడు. నిండు క్యాను, ఆయన వయసుకు అది చాలా బరువు. ముస్తఫా పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. మాట ఇచ్చింది నేను, నేనే దింపాలి అన్నాడు. నేను రాత్రి నుంచి ఆయనకు ఎలా చెప్పాలో తెలియక తిరుగుతున్నాను. చెప్పలేకపోయాను. వెనకాలే నడిచాను.

యాదన్న వాకిట్లోనే ఉన్నాడు. మామను చూసి లేచాడు, క్యాను అందుకోవడానికి చేతులు చాపాడు. ఆ చాపిన చేతులు చూశాక ఇక నా వల్ల కాలేదు. వాళ్ల గడప ముందే నిలబడి, ముందే వెతికి పెట్టుకున్న ఫిర్యాదు నంబరు నొక్కాను. ఎత్తిన మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఏ ఊరని అడిగాడు, చెప్పాను. ట్యాంకర్లని, ఎండిపోయిన బావిలో పోస్తున్నారని, రేకులు కొట్టారని, ఫొటో ఉందని, పక్కనే మా బోరని, ఇంట్లో చిన్నపిల్ల ఉందని చెప్పాను.

"బావి ఎవరిదమ్మా?" అని అడిగాడు.

యాదన్న పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను.

యాదన్న చేతులు కిందికి దిగిపోయాయి. లోపల గిన్నె ఏదో పడిన చప్పుడు. మామ క్యానుతో సహా నా వైపు తిరిగాడు. నన్ను చూశాడు, యాదన్నను చూశాడు. యాదన్న కాదనలేదు. కాదంటాడేమోనని మామ ఎదురు చూశాడు, ఆ ఎదురుచూపు నేను చూడలేకపోయాను.

తర్వాత మామ మెట్టెక్కి, వంగి, ఆ క్యానును జాగ్రత్తగా వాళ్ల గడప లోపల పెట్టాడు. మూత సరిగ్గా ఉందో లేదో చూశాడు. లోపలున్న పుష్పమ్మతో, "తాగుండ్రి," అన్నాడు. బయటికొచ్చి, పొలం వైపు నడిచాడు.

మనవరాలి నీళ్లను విషం చేసిన ఇంటికి మంచినీళ్లు మోసిచ్చిన మామ మీద నాకు అప్పుడు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. సాయంత్రం అధికారులు వస్తామన్నారు. ఖాళీ అయ్యాక ఆ క్యాను మాత్రం నేనే వెళ్లి, వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా అడిగి తెచ్చుకుంటాను.